నాన్నగారి కంప్యూటర్‌లో తెల్ల గీత తప్ప ఏమీ కనిపించడం లేదు

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. కుదించి చెబుతాను.

ఆమె తండ్రి ఇంటి ముందు గదిలో డీటీపీ కేంద్రం నడిపారు. 1994లో అప్పుచేసి కొన్న 486 రకం ప్రాసెసర్ కంప్యూటర్‌తో శుభలేఖలు, కరపత్రాలు, ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలు ఇచ్చిన పుస్తకాలు కంపోజ్ చేసేవారు. తరువాత కొత్త యంత్రాలు వచ్చినా పాతదాన్ని తీసేయలేదు. గిరాకీ పని ముగిశాక, తన తల్లి నోట విన్న నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు రాత్రిపూట అందులో టైపు చేసుకునేవారు. పుస్తకంగా వేద్దామనుకుంటూ ఉండగానే కాలం గడిచిపోయింది. ఏటా ఆయుధ పూజ నాడు దానికి కుంకుమ బొట్టు పెట్టి, ఒకసారి ఆన్ చేసి చూసుకొని, ఆపేసేవారు. చివరిసారి అలా చూసినప్పుడు బొమ్మ వచ్చింది గానీ తెర పైనా కిందా నల్లటి పట్టీలు ఉన్నాయని, అక్షరాలు అణిచేసినట్లు పొట్టిగా కనిపించాయని కూతురికి గుర్తుంది. ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది.

ఇప్పుడు ఆ పాత ఇంటిని అపార్టుమెంటు కట్టడానికి బిల్డర్‌కు ఇచ్చారు. త్వరలో ఖాళీ చేయాలి. బెంగళూరు నుంచి వచ్చిన తమ్ముడు కంప్యూటర్ ఆన్ చేశాడు. ఫ్యాను తిరిగింది. ఒక పొడవాటి కూత, వెంటనే రెండు పొట్టి కూతలు వినిపించాయి. తెర నల్లగానే ఉంది. వెలుతురు పెంచే మీట పూర్తిగా తిప్పితే తెర నడిమధ్యలో ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక తెల్ల గీత మెరిసింది. మానిటర్ పక్కన అరచేత్తో చరిస్తే తెరంతా క్షణం పాటు బూడిద రంగులో వెలిగి మళ్లీ గీతగా ముడుచుకుపోయింది. తమ్ముడు తన కొత్త మానిటర్ తెచ్చి తగిలిస్తే ‘నో సిగ్నల్’ అని వచ్చింది. ఇంటికి వచ్చిన టీవీ మెకానిక్ మానిటర్‌లోని పిక్చర్ ట్యూబు పోయిందన్నాడు. ఒక కంప్యూటర్ దుకాణం వాళ్లు వచ్చి చూసి మదర్‌బోర్డు పోయింది, ఇక పనికిరాదన్నారు. పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేసి అమ్మకు ఒక ట్యాబ్ కొందామని తమ్ముడు అంటున్నాడు. ఆయన వస్తువు పరాయి చేతుల్లోకి పోవడానికి వీల్లేదు, దాన్ని ఎవరూ విప్పడానికీ వీల్లేదని తల్లి పట్టు. సంవత్సరికం నాటికి పాటలు పుస్తకంగా తేవాలని కూతురి కోరిక. “కంప్యూటర్ బాగుపడకపోతే పాటలు పోయినట్లేనా? అమ్మను ఒప్పించనా, తమ్ముడి మాట విననా?” అని అడిగారు.

ముందు చేయవలసినది చెబుతాను, తరువాత మాట్లాడుకుందాం. ఆ మానిటర్‌ను మళ్లీ ఆన్ చేయకండి. కంప్యూటర్‌నూ చేయకండి. రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసేయండి. తెరంతా పరుచుకోవలసిన వెలుగు ఒక్క గీత మీద పడితే, ఆ చోట తెర లోపల వెలిగే ఫాస్ఫర్ పూత కొద్దిసేపట్లోనే మాడిపోతుంది. ఆపైన ఎంత గొప్ప మెకానిక్ బాగుచేసినా ఆ మచ్చ పోదు. చరచడం కూడా ఇక చాలు. ఆ దెబ్బ వల్ల మనకు ఒక సంగతి తెలిసింది, దాని పని అయిపోయింది.

ఉత్తరంలో మీరు ఒకే సమస్య ఉన్నట్లు రాశారు. నాకు మూడు కనిపిస్తున్నాయి. మానిటర్‌లో ఒక లోపం ఉంది. కంప్యూటర్‌లో వేరే లోపం ఉంది. ఈ రెండింటితో సంబంధం లేకుండా, డిస్కులో పాటల ఫైళ్లు ఉన్నాయి. మూడూ ఒకే బల్ల మీద ఉండటం వల్ల మీ ఇంట్లో అందరూ ఒకటిగా కలిపి వాదించుకుంటున్నారు.

మానిటర్ సంగతి చూద్దాం. ట్యూబు పోయి ఉంటే ఆ గీత కూడా రాదు. ట్యూబు లోపల ఎలక్ట్రాన్ల పుంజం, చేలో నాగలి నడిచినట్లు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక సాలు వేసి, కాస్త కిందికి జరిగి ఇంకో సాలు వేస్తుంది. సెకనుకు అరవై, డెబ్బై సార్లు తెరనంతా ఇలా దున్నేస్తుంది. అడ్డంగా నడిపే సర్క్యూట్ వేరు, కిందికి జరిపే సర్క్యూట్ వేరు. మీ మానిటర్‌లో అడ్డంగా నడిపేది పనిచేస్తోంది. అది పనిచేస్తోందంటే ట్యూబుకు వేల వోల్టులు అందించే ట్రాన్స్‌ఫార్మర్ కూడా బాగున్నట్లే. కిందికి జరిపే భాగం ఆగిపోవడంతో సాళ్లన్నీ ఒకేచోట పడుతున్నాయి. టీవీ మెకానిక్‌లు దీన్ని ‘వర్టికల్ పోయింది’ అంటారు. వారికి కొత్త జబ్బేమీ కాదు, పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో రోజూ చూసినదే.

మీరు మామూలుగా రాసేసిన రెండు వివరాలు నాకు చాలా విలువైనవిగా తోచాయి. చివరి ఆయుధ పూజ నాడు బొమ్మ పైనా కిందా కుంచించుకుపోయింది. అంటే అప్పటికే ఆ భాగంలోని కండెన్సర్లు (విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాలు) ఎండిపోతూ సత్తువ కోల్పోయాయి. రెండోది, చరిస్తే క్షణం పాటు తెర విచ్చుకుంది. పూర్తిగా కాలిపోయిన ఐసీ (చిప్పు) దెబ్బకు లేచి పనిచేయదు. ఎక్కడో టంకం విడిపోయి ఉంది. పుంజాన్ని కిందికి జరిపే వర్టికల్ ఐసీ బాగా వేడెక్కే భాగం. వేడికి సాగుతూ, చల్లారి ముడుచుకుంటూ, ఏళ్ల తరబడి సాగిన ఆ ఆటలో దాని కాళ్ల చుట్టూ టంకానికి సన్నని గుండ్రటి పగులు వస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే కాలు చుట్టూ నల్లటి వలయంలా కనిపిస్తుంది. ‘డ్రై సోల్డర్’ అనేది దీన్నే. ఐసీ కాళ్లకూ, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగచుట్ట) తీగల కనెక్టర్‌కూ కొత్తగా టంకం పెట్టి, పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లను 105 డిగ్రీల రకం కొత్తవాటితో మార్చితే చాలావరకు ఈ జబ్బు నయమవుతుంది.

అయితే ఆ పని మీరు గానీ, మీ తమ్ముడు గానీ చేయకూడదు. ఇంజనీరు అయినా సరే. 14 అంగుళాల రంగుల ట్యూబులో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా ఆ ఛార్జి ట్యూబులో నిలిచి ఉండగలదు. దాన్ని భూమికి దింపే పద్ధతి తెలిసిన చెయ్యే లోపలికి వెళ్లాలి. ట్యూబు వెనుక సన్నని మెడ ఉంటుంది, అది విరిగితే అంతటితో కథ ముగిసినట్లే. పిక్చర్ ట్యూబు టీవీలు ఏళ్ల తరబడి బాగుచేసిన, వయసు మళ్లిన మెకానిక్‌ను వెతకండి. “ట్యూబు పోయింది” అని చెప్పిన ఆయన్నే మళ్లీ పిలిచినా తప్పులేదు, కానీ ఈసారి “అడ్డగీత వస్తోంది, చరిస్తే విచ్చుకుంటోంది” అని మీరే ముందు చెప్పండి. ఆ రెండు మాటలు విని కూడా ట్యూబు మార్చాలంటే ఇంకొకరిని చూసుకోండి.

ఇక కంప్యూటర్. దుకాణం వాళ్లు మదర్‌బోర్డు పోయిందన్నారు. పోయిన మదర్‌బోర్డు కూత పెట్టదు. ఆన్ చేయగానే ప్రాసెసర్ మేల్కొని, బయాస్ (యంత్రాన్ని మేల్కొలిపే తొలి ప్రోగ్రాం) చిప్పులోని ఆదేశాలు చదువుతూ, ఒక్కొక్క భాగాన్ని పరీక్షించుకుంటూ వెళుతుంది. తెర మీద చెప్పే వీలు లేనప్పుడు స్పీకరుతో చెబుతుంది. అవార్డ్ కంపెనీ బయాస్ ఉన్న యంత్రాల్లో ఒక పొడవాటి కూత, రెండు పొట్టి కూతలు అంటే వీడియో కార్డు దగ్గర ఆగిపోయానని అర్థం. ఏఎమ్ఐ కంపెనీ బయాస్ అయితే ఇలాంటి సందర్భంలో ఎనిమిది పొట్టి కూతలు పెడుతుంది. మీ యంత్రం దాదాపు అంతా సరిచూసుకొని, తెరకు బొమ్మ పంపే కార్డు దొరకలేదని కచ్చితంగా చెప్పింది. ఆ కూతల సంగతి మీరు రాయకపోయి ఉంటే నేనూ నాలుగు రకాలుగా ఊహించేవాణ్ని.

తమ్ముడి కొత్త మానిటర్ కూడా అదే సాక్ష్యం చెప్పింది. ‘నో సిగ్నల్’ అంటే కంప్యూటర్ నుంచి ఏమీ రావడం లేదని. ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వచ్చి ఉంటే, బొమ్మ వస్తోంది గానీ ఈ మానిటర్‌కు పట్టని వేగంలో వస్తోందని అర్థం. అప్పుడు కార్డును అనుమానించే పనే ఉండదు. పాత కంప్యూటర్‌కు కొత్త మానిటర్ తగిలించేవారు ఈ రెండు సందేశాలను ఒకే గాట కట్టేసి, ఏదో తప్పు వచ్చిందని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. ఫోనుతో ఫొటో తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

అంటే మెకానిక్‌లు ఇద్దరూ పెట్టెను సరిగ్గానే పట్టుకున్నారు, లోపలి భాగాన్ని తప్పుగా చెప్పారు. మానిటర్ చెడింది నిజం, ట్యూబు కాదు. కంప్యూటర్ చెడింది నిజం, మదర్‌బోర్డు కాకపోవచ్చు. రెండు లోపాలు ఒకేసారి బయటపడటంతో ఎవరికి వారు తమకు తెలిసిన దానితో మొత్తం కథ చెప్పేశారు.

కార్డు నిజంగా చచ్చిపోయిందా అంటే, అదీ నాకు నమ్మకం లేదు. కృష్ణా తీరపు ఉక్కలో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న యంత్రం. కార్డు దిగే స్లాటులోని స్ప్రింగు పలకల మీదా, కార్డు అంచున ఉన్న బంగారు పూత పట్టీల మీదా మురికి పొర కట్టి ఉంటుంది. కార్డు తీసి, ఆ పట్టీలను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. ఉప్పుకాగితం పెడితే బంగారు పూత లేచిపోతుంది, వద్దు. స్లాటులో సాలెగూళ్లు, బొద్దింక గుడ్లు ఉంటే మెత్తటి బ్రష్షుతో దులపాలి. కార్డు మీద సాకెట్లలో కూర్చున్న చిప్పులు ఉంటే బొటనవేలితో ఒక్కొక్కటి అదమండి. వేడికి అవి ఏటికేడు కాస్త పైకి జరుగుతుంటాయి. కార్డును తిరిగి నిటారుగా, రెండు చివరలా సమానంగా నొక్కి దించండి. వెనుక పట్టీకి స్క్రూ బిగిస్తూ లోపలి చివరను చూడండి. చాలా పెట్టెల్లో స్క్రూ బిగుసుకుంటున్న కొద్దీ రెండో చివర వెంట్రుక వాసి పైకి లేస్తుంది. మనిషి అంతా సరిగ్గా చేశాననుకుంటాడు, యంత్రం మళ్లీ అవే మూడు కూతలు పెడుతుంది. అదే రకం స్లాటు ఇంకొకటి ఖాళీగా ఉంటే అందులోనూ పెట్టి చూడండి. ఇన్ని చేసినా కూత మారకపోతే అప్పుడు కార్డు పోయిందనుకోవచ్చు. 486 బోర్డుల్లో ఐఎస్ఏ అనే పాత రకం 16 బిట్ల స్లాటు ఉంటుంది, దానికి సరిపోయే ట్రైడెంట్ 8900 వంటి పాత వీజీఏ వీడియో కార్డులు సెకండ్ హ్యాండులో ఇప్పటికీ దొరుకుతాయి.

మూత తీసినప్పుడు ఇంకొకటి చూడాలి. ఆ కాలపు బోర్డుల్లో చాలావాటి మీద, కీబోర్డు తగిలించే చోటుకు దగ్గరలో, చిన్న పీపా ఆకారపు బ్యాటరీ ఉంటుంది. అది కారిపోయి చుట్టూ ఆకుపచ్చ బూజులా పట్టి ఉంటే, ఆ ద్రవం బోర్డు మీది సన్నని రాగి దారులను తినేస్తూ ఉంటుంది. ఆ దారులు తెగినా వీడియో కార్డు దొరకడం లేదనే కూతే రావచ్చు. అలా ఉంటే ముందు బ్యాటరీని కత్తిరించి తీసేయించి, వెనిగర్ తడిపిన దూదిపుల్లతో తుడిచి, తరువాత ఆల్కహాల్‌తో కడిగించాలి. ఇక్కడ ఆలస్యం పనికిరాదు, బూజు దానంతట అది ఆగదు.

మరొక హెచ్చరిక. ఈనాటి కంప్యూటర్లలో ముందున్న బటన్‌కు చిన్న వోల్టేజీ మాత్రమే వెళుతుంది. ఆ కాలపు పెట్టెల్లో అలా కాదు. వెనుక పవర్ సప్లై నుంచి ముందు మీట వరకు ఒక లావాటి నల్లటి తీగ ఉంటుంది, అందులో ఇంటి కరెంటు 230 వోల్టులు నేరుగా నడుస్తుంది. మీట ఆపినంత మాత్రాన చాలదు. ప్లగ్గు గోడ నుంచి తీశాకే మూత తీయాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. “బాగుపడకపోతే పాటలు పోయినట్లేనా” అని అడిగారు. కాదు. పాటలు తెరలో లేవు, వీడియో కార్డులో లేవు, మదర్‌బోర్డులోనూ లేవు. అరచేయంత హార్డ్ డిస్కులో ఉన్నాయి. దాన్ని బయటకు తీసి వేరే యంత్రంలో చదవవచ్చు. నా సలహా అయితే, బొమ్మ రప్పించే ప్రయత్నం కంటే ముందే ఆ పని చేయాలి. ఎందుకో చెబుతాను. అంత పాత బ్యాటరీ చచ్చిపోయి ఉంటే డిస్కు కొలతలు కూడా బయాస్ మరిచిపోయి ఉంటుంది. బొమ్మ వచ్చిన సంతోషంలో ఎవరో ఒకరు ఆ అంకెలు అడ్డదిడ్డంగా కొట్టి, లోపల ఏదో రాయించారంటే, అప్పటిదాకా క్షేమంగా ఉన్న ఫైళ్లు అప్పుడు పోతాయి.

డిస్కు తీసేముందు తీగలు ఎలా ఉన్నాయో ఫొటో తీయండి. వెడల్పాటి బూడిదరంగు పట్టీ తీగకు ఒక అంచున ఎర్రగీత ఉంటుంది, అది ఏ వైపు ఉందో ఫొటోలో కనిపించాలి. డిస్కు పైన అంటించిన కాగితం మీద సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు అని మూడు అంకెలు ఉంటాయి, దానికీ దగ్గరగా ఫొటో తీయండి. ఆ కాగితం చెరిగిపోతే తరువాత మనకు దిక్కుండదు. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ అడాప్టర్‌తో మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌కు తగిలించవచ్చు, కానీ తొంభైల తొలి సంవత్సరాల డిస్కులు కొన్ని ఈ అడాప్టర్లకు పలకవు. పలకనంత మాత్రాన డిస్కు పోయిందనుకోకండి. ఐడీఈ పోర్టు (పాత డిస్కులు తగిలించే చోటు) ఉన్న పదిహేను ఇరవై ఏళ్ల నాటి డెస్క్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉంటే నేరుగా దానికి తగిలించి, ఆ మూడు అంకెలు ఇస్తే పలికే అవకాశం ఎక్కువ. తగిలించగానే విండోస్ “ఫార్మాట్ చేయాలా?” అని అడగవచ్చు. ఏ పరిస్థితిలోనూ అవును అనకండి. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో, చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చి, డిస్కు మొత్తానికి ఒక నకలు తీసుకోవడం మంచిది. ఆ కాలపు డిస్కు మొత్తం కలిపినా ఇప్పటి పెన్ డ్రైవులో ఓ మూలకు సరిపోతుంది. నకలు చేతికి వచ్చాక అసలు డిస్కును ముట్టుకోవలసిన పనే ఉండదు.

డిస్కు తిరగకపోతేనో, టకటక చప్పుడు చేస్తేనో వెంటనే ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేయడం దానికి ప్రాణాంతకం. అప్పుడు డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకు వెళ్లాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది, అయినా ఫలితానికి పూచీ ఉండదు. ఆ దారి పట్టేముందు మీ నాన్నగారి బీరువాలో ఫ్లాపీల డబ్బా వెతకండి. డీటీపీ వృత్తిలో ఉన్నవారు ఒక ప్రతి ఫ్లాపీలో పెట్టకుండా ఉండటం అరుదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీలు చదివే యూఎస్‌బీ డ్రైవులు దొరుకుతాయి. అయితే డ్రైవులో పెట్టేముందు పైన రేకు జరిపి లోపలి గోధుమరంగు పళ్లెం చూడండి. బూజు మచ్చలు ఉంటే పెట్టవద్దు. ఆ బూజు డ్రైవు తలకు అంటుకొని తరువాతి ఫ్లాపీని కూడా గీస్తుంది.

ఫైళ్లు తెరిచాక మీరు బెదిరిపోయే అవకాశం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను. తెలుగు కనిపించదు. ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు. తెలుగుకు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ ఒకే అంకెల పట్టిక) 1991లోనే చోటు దక్కినా, ఇళ్లలోని విండోస్‌కు అది చేరింది 2001 నాటి ఎక్స్‌పీతో. అంతకు ముందు డీటీపీలో ఎవరి ఫాంటు వారిది. ఇంగ్లిషు ‘ఎ’ ఉండవలసిన గడిలో ఒకరు తలకట్టు పెడితే ఇంకొకరు కొమ్ము పెట్టారు. ఆ ఫాంటు లేకుండా ఆ ఫైలుకు అర్థం లేదు. అందుకే పాటల ఫైళ్లు మాత్రమే ఏరుకోకుండా డిస్కు మొత్తం నకలు తీయమన్నాను. విండోస్ ఫోల్డర్‌లో ఆయన వాడిన ఫాంట్లు కూడా వచ్చేస్తాయి. కంప్యూటర్ వెనుక ప్రింటరు పోర్టుకు అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఏదైనా తగిలించి ఉందేమో చూడండి. పనికిరాని అడాప్టర్ అనుకొని పారేయకండి. కొన్ని డీటీపీ సాఫ్ట్‌వేర్లకు అది తాళంచెవి, అది లేకపోతే ప్రోగ్రాం తెరుచుకోదు.

ఇక మీ ముందున్న దారులు.

డిస్కు నకలు మాత్రం తీసుకొని, కంప్యూటర్‌ను, మానిటర్‌ను ఉన్నవి ఉన్నట్లు కొత్త ఇంటికి తీసుకువెళ్లవచ్చు. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఇదే తేలిక. బాగుచేయడం ఆరు నెలల తరువాత అయినా ఫరవాలేదు, బ్యాటరీ కారకుండా ఉంటే చాలు. అయితే పేజీలు ఆయన కూర్చిన రూపంలో కావాలంటే ఇంకొంత శ్రమ ఉంటుంది. అవి పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ ప్రోగ్రాం ఫైళ్లయితే, ఆ ఫాంట్లు ఇచ్చి, ఇప్పటికీ పేజ్‌మేకర్ ఉంచుకున్న డీటీపీ కేంద్రంలో తెరిపించాలి. మీ నాన్నగారి పాత స్నేహితుల్లో ఒకరైనా ఆ పని తెలిసినవారు ఉంటారనుకుంటాను.

లేదా నకలు తీశాక కార్డు కూడా శుభ్రం చేయించి, తమ్ముడి కొత్త మానిటర్ మీదే బొమ్మ రప్పించవచ్చు. మానిటర్ జోలికి వెళ్లనక్కరలేదు. ఆయన ప్రోగ్రాం, ఆయన ఫాంటు, ఆ తాళం అన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి పేజీలు ఆయన చూసినట్లే చూడవచ్చు. సమయం, తెలిసిన చెయ్యి కావాలి. ఖర్చు పెద్దగా ఉండదు. సంవత్సరికం లోపు పుస్తకం రావాలంటే నాకు ఇదే నచ్చిన దారి. కార్డు మొరాయిస్తే మొదటి దారి ఎలాగూ ఉంది.

మానిటర్ బాగుచేయించడం పుస్తకానికి అవసరం లేదు. అది మీ అమ్మగారి కోసం చేసే పని. చేస్తే బాగుంటుంది, చేయకపోతే నష్టం లేదు. మెకానిక్ ఇంటికి వచ్చి చేస్తానంటే చేయించండి. దుకాణంలో వదిలి వెళ్లమంటే, పాత సామాను పేరుకున్న చోట ట్యూబు మెడ ఎవరి మోచేతికి తగులుతుందో చెప్పలేం. ఇల్లు మారేటప్పుడు దాన్ని మోసే మనిషికి తెర ఛాతీ వైపు ఉండేలా పట్టుకోమని చెప్పండి. బరువంతా ముందువైపే ఉంటుంది, వెనుక నుంచి పట్టుకుంటే ముందుకు తూలుతుంది.

పాత సామాన్లకు ఇవ్వడం కూడా ఒక దారే. మీ తమ్ముణ్ని దుర్మార్గుడిని చేయకండి, ఇల్లు ఖాళీ చేస్తున్నవాడికి ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అతనికి చెప్పవలసినది ఒక్కటే: నకలు తీసి, అది తెరుచుకుంటోందని కళ్లారా చూశాక ఆ మాట మాట్లాడదాం. అప్పుడు కూడా డిస్కు ఇంట్లోనే ఉండాలి. దానిలో పాటలే కాదు, ముప్పై ఏళ్ల కిందటి ఎవరెవరి శుభలేఖలో, ఎవరెవరి ఇంటి చిరునామాలో ఉంటాయి. మానిటర్‌ను బండి మీద తిరిగేవాళ్లకు ఇస్తే వాళ్లు రాగి తీసుకొని గాజు పగలగొడతారు, ఆ గాజులో సీసం ఉంటుంది. ఇవ్వక తప్పకపోతే అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి.

మీ అమ్మగారి పట్టు గురించి. “విప్పడానికి వీల్లేదు” అంటున్నారు కదా, ఆమెను ఆ పెట్టె వెనుకకు తీసుకువెళ్లి స్క్రూలు చూపించండి. దుమ్ములో, ఉక్కలో అన్నేళ్లు పనిచేయించిన మనిషి దాన్ని ఎన్నిసార్లో విప్పి ఉంటారు. స్క్రూ తలల గాళ్లు అరిగి ఉంటే అవి ఆయన స్క్రూడ్రైవర్ గుర్తులే. “నాన్న ఎప్పుడు విప్పేవారు? ఎక్కడ కూర్చుని తుడిచేవారు?” అని అడగండి. ఒప్పించడానికి వాదన కంటే ఆ ప్రశ్నలు బాగా పనిచేస్తాయని నా అనుకోలు. తరువాత ఆమె ఎదుటే, ఇంట్లోనే, పెట్టె కదపకుండా డిస్కు ఒక్కటే తీసి, నకలు తీశాక మళ్లీ అక్కడే బిగించేయండి. ఆమె పెట్టిన రెండు షరతుల్లో పరాయి చేతుల్లోకి పోకూడదన్నది పూర్తిగా నిలబడుతుంది. రెండోది కాస్త సడలించమని అడుగుతున్నారు, అంతే. అయినా వద్దంటే, ఆ రోజుకు వదిలేయండి. ఆమె గుడికి వెళ్లినప్పుడు విప్పేసే ఆలోచన మాత్రం చేయకండి. డిస్కు ఎక్కడికీ పోదు, ఆమెకు మీ మీద ఉన్న నమ్మకం పోతే తిరిగి రాదు.

ఆమెను మీరు దూరం పెట్టలేరు కూడా. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు ఒకచోటిది ఇంకోచోట పడతాయి, అరసున్నలు ఎగిరిపోతాయి, ‘ఱ’ ఉన్నచోట ఖాళీ గడి వస్తుంది. మామూలు వ్యాసమైతే ఎవరైనా దిద్దవచ్చు. ఒక ఊరి నాట్ల పాటలో ఆ మాట అలాగే ఉందా, మార్పిడిలో చెడిందా అన్నది చదువుకున్న ప్రూఫ్ రీడర్‌కు తెలియదు. అత్తగారి దగ్గర ఆ పాటలు విన్న మీ అమ్మగారికి తెలుస్తుంది. మొదటి పది పేజీలు మారగానే 18 పాయింట్ల అక్షరాలతో, ఒకవైపే ముద్రించి, ఎర్ర కలంతో పాటు ఆమెకు ఇవ్వండి. కంటికి కష్టమైతే మీరు చదవండి, తప్పు ఉన్నచోట ఆమె ఆపుతారు.